అరుగు మీద ఎవరుండారు?

పోయిన నెల ఎమ్మిగనూరులో పెళ్ళికి పోతే, భోజనాల దగ్గర ఒక కొత్త నాయకుడు నా పక్కకు వచ్చి, వంగి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మా, మోకాళ్ళు ఎట్లుండాయి?" అని అడిగాడు. అంతకు ముందు ఆయన్ని నేను గోడల మీది బొమ్మల్లోనే చూశాను. నా మోకాళ్ళ సంగతి ఈయనకు ఎట్లా తెలిసిందబ్బా అని సంబరపడబోయి ఆగిపోయాను. ఆయన భుజం వెనకకు చూశాను. అనుకున్నట్టే పెళ్ళికూతురి మేనమామ అక్కడ నిలబడి ఉన్నాడు. ఆయన నోరు ఇంకా నాయకుడి చెవి దగ్గరే ఉంది.

నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత విస్తట్లో పెట్టిన ఓళిగను, మీరు బొబ్బట్టు అంటారే దాన్ని, పక్కకు జరిపాను. మా చిన్నాయన గుర్తుకొచ్చాడు.

చిన్నాయన అంటే మా నాయనకు సొంత తమ్ముడు. ఎమ్మెల్యేగా చేశాడు, కొన్నాళ్ళు మంత్రిగా చేశాడు, ఓడిపోయాడు, పోయాడు. పేరు రాయను. ఆ పేరు చెప్తే ఎమ్మిగనూరులో ఇప్పటికీ చేతులెత్తి మొక్కేవాళ్ళు ఉన్నారు. మొక్కనీ. ఆయన వల్ల నీళ్ళ కొళాయి వచ్చిన వీధులు ఉన్నాయి, బడి వచ్చిన పల్లెలు ఉన్నాయి. నేను రాసేది వాటి గురించి కాదు.

నన్ను ఆదోనిలో ఇచ్చారు. మా ఆయన పత్తి మండీలో గుమాస్తా. ఎమ్మిగనూరుకు రైలు లేదు కాబట్టి, చిన్నాయన హైదరాబాదు నుంచి రైలెక్కితే తెల్లారేసరికి ఆదోనిలో దిగాలి. దిగి నేరుగా మా ఇంటికి వచ్చేవాడు. రాత్రంతా రైలు పొగ తాగిన మొహం, నలిగిన గళ్ళ లుంగీ, చంకలో పరుపుచుట్ట. ఆ వేళలో ఆయన్ని చూస్తే ఎవరో బేరం చెడిపోయిన చీరల వ్యాపారి అనుకోవాల్సిందే. నీళ్ళు పోసుకుని, బొరుగుల ఉగ్గాని తిని, నేను గంజి పెట్టి బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసి మేకుకు తగిలించిన తెల్ల చొక్కా వేసుకుని, గుండీ పైదాకా పెట్టుకుంటే అప్పుడు నాయకుడు అయ్యేవాడు. చొక్కా లేకుండా మా గడప దాటింది లేదు. వీధి కొళాయి దగ్గర ఆడవాళ్ళకు కూడా ఆయన లుంగీ రంగు తెలియదు.

మా పుట్టిల్లు మగ్గం ఇల్లు. మీసాలు వచ్చేదాకా ఆయన గుంటమగ్గంలో కూర్చున్నవాడే. ఆ పని చేతుల్లోంచీ కాళ్ళల్లోంచీ పోలేదు. ఎదుట ఎవరు నిలబడినా ఆయన చెయ్యి వాళ్ళ భుజం మీది తువ్వాలు అంచు మీదికి పోయేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతూ మాట్లాడేవాడు. నూలు ఎంత సన్నమో, నేత ఎంత బిగువో చూసే అలవాటు అది. జనం దాన్ని ప్రేమ అనుకునేవాళ్ళు. ఒకసారి ఎవరో పెద్ద అధికారి కోటు అంచు కూడా అట్లాగే నలిపాడంట. ఆ అధికారి తన కోటుకు ఏదో అంటుకుందని సభ అయ్యేదాకా దులుపుకుంటూనే ఉన్నాడని మా ఆయన చెప్పి చెప్పి నవ్వేవాడు.

ఇక కాళ్ళు. కుర్చీలో కూర్చుంటే అవి ఊరికే ఉండేవి కావు. మగ్గం కింద తొక్కుడు చెక్కలు ఇంకా ఉన్నట్టు ఒక కాలు మార్చి ఒక కాలు తొక్కుతూనే ఉండేవి. వేదిక మీద పక్కవాడి ఉపన్యాసం సాగితే ఆ తొక్కుడు జోరందుకునేది.

"ఈ పొద్దు చీర సగం నేసినట్టుండావే చిన్నాయనా" అనేదాన్ని ఇంటికొచ్చాక.

"ఆ ఉపన్యాసమాయప్ప ఇంగొంచెంసేపు మాట్లాడింటే అంచు గూడా అయిపోయేది పాపా."

ఆయనకు గొప్ప జ్ఞాపకం అని పేరు. మనిషిని ఒకసారి చూస్తే పేరు మర్చిపోడనీ, వాళ్ళ ఇంటి కష్టం మర్చిపోడనీ మంత్రాలయం దాకా చెప్పుకునేవాళ్ళు. ఆ జ్ఞాపకం మా వంటింట్లో తయారయ్యేది. ఆయన వచ్చే పొద్దు తెలిసి జనం ముందుగానే వచ్చి మా అరుగు మీద కూర్చునేవాళ్ళు. నాకు చదువు పెద్దగా లేదు గానీ, విన్న మాట పోదు. ఎవరు ఏ ఊరు, ఎవరింట్లో ఏం జరిగింది, మంచినీళ్ళు ఇస్తూ అడుగుతాను, అంతే, అది నాలో ఉండిపోతుంది. లోపల చిన్నాయన పీట మీద కూర్చుని ఉగ్గానిలో బజ్జీ తుంచుకుంటూ అడిగేవాడు.

"అరుగు మీద ఎవరుండారు పాపా?"

"దేవనకొండ పక్క నుంచి వీరన్న వచ్చినాడు. కోడలు అలిగి పుట్టింటికి పోయింది."

"ఏం కథ?"

"అత్త ఏమో అనిందంట. దాంట్లోకి నువ్వు పోవద్దు."

"పోను లే. ఇంగెవరు?"

"కోసిగి నుంచి ఒకాయప్ప. వాళ్ళమ్మకు కంటి ఆపరేషన్ అయింది."

"కుడి కన్నా, ఎడమ కన్నా?"

"అంత లోతుకు పోవాకు. కన్ను ఎట్లుందని అడుగు, సాలు."

చెయ్యి కడుక్కుని, చొక్కా సవరించుకుని బయటికి పోయేవాడు. తువ్వాలు అంచు వేళ్ళ మధ్యకు తీసుకుని, "ఏమప్పా వీరన్నా, కోడలు వచ్చిందా ఇంగా లేదా?" అనేవాడు. వీరన్న మొహం చూడాలి అప్పుడు. కరువు గురించి మాట్లాడటానికి వచ్చిన మనిషి, కళ్ళు తుడుచుకుని కోడలి సంగతి చెప్పుకుని, "నువ్వు అడిగినావు సూడు, అదే సాలన్నా" అని లేచిపోయేవాడు. చిన్నాయన అందరికీ ఒకే మాట చెప్పి పంపేవాడు. "సూద్దాం లే. నేనుండా గదా."

నేను తలుపు చాటున నిలబడి పొంగిపోయేదాన్ని. సంతలో ఎవరైనా "ఆయప్ప మతి సూడు, దేవుడిచ్చిన మతి" అంటే, మిరపకాయలు ఏరుకుంటూ నాలో నేనే నవ్వుకునేదాన్ని.

మా పెరటి వెనక సందులో హుసేనమ్మ ఉండేది. దూదేకులవాళ్ళు. భర్త ఏనాడో పోయాడు. దూది విడదీసి బొంతలు కుట్టేది. మా ఇంట్లో పిల్లలందరూ ఆమె కుట్టిన బొంతల మీద పుట్టి పెరిగినవాళ్ళే. కొడుకు ఖాసీం జిన్నింగు మిల్లులో పనికి పోయేవాడు. పత్తి దుమ్ము పట్టిందో ఇంకేమో, పిల్లవాడికి దగ్గు మొదలై పీల్చిన ఊపిరి వదల్లేని స్థితికి వచ్చాడు. ఆదోని ఆసుపత్రిలో వరండాలో చాప మీద పడుకోబెట్టారు. హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకుపోతే బతుకుతాడని అక్కడి డాక్టరే చెప్పాడు. కానీ అక్కడ మంచం దొరకాలంటే పెద్దవాళ్ళ మాట కావాలి. ఆ రోజుల్లో ఎమ్మెల్యే ఒక్క మాట చెప్తే మంచం దొరికేది.

హుసేనమ్మ ఎప్పుడూ పెరటి వైపే వచ్చే మనిషి. ఆ పొద్దు ముందు వైపుకు వచ్చి అరుగు మీద అందరి చివర కూర్చుంది.

"ఒక్క మాట సెప్పన్నా ఆసుపత్రోళ్ళకి. మంచం ఇస్తే సాలు. కూడు నేనే వొండి పెట్టుకుంటా" అంది.

చిన్నాయన ఆమె కొంగు అంచు నలుపుతూ, "నేను హైదరాబాదుకు పోతానే సెప్తా అక్కా. నేనుండా గదా" అన్నాడు.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నాకు తెలుసు. రైలెక్కేటప్పుడు కూడా మనసులో ఉండే ఉంటుంది. కానీ అక్కడ అప్పుడే మంత్రుల్ని మారుస్తున్నారు. ఎవరింటికి పోవాలి, ఎవరి వెనక నిలబడాలి అనే తిరుగుడులో పడ్డాడు. మళ్ళీ ఆదోనిలో దిగినప్పుడు హుసేనమ్మ అరుగు మీద ఉంది. ఆమె నోరు తెరవకముందే, "హుసేనమ్మక్కా, కొడుకు ఎట్లుండాడు?" అని అడిగాడు. నేను అందించిన మాటే.

"అట్లనే ఉండాడన్నా" అంది ఆమె.

"ధైర్యంగా ఉండు. నేనుండా గదా" అని పక్క మనిషి తువ్వాలు అందుకున్నాడు.

అంత ప్రేమగా కొడుకు గురించి అడిగిన మనిషిని పట్టుకుని మళ్ళీ మంచం సంగతి అడగటానికి ఆమెకు నోరు రాలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడూ అంతే. నేను వడ్డిస్తూ గుర్తు చేసేదాన్ని.

"చిన్నాయనా, ఖాసీం మంచం."

"మతిలో ఉంది పాపా."

"మతిలో ఉంటే సాలదు, ఆసుపత్రిలో ఉండల్ల."

"అబ్బ, నువ్వు నాకంటే బాగా మాట్లాడతావే. నిన్ను నిలబెట్టల్ల ఈసారి" అని నవ్వి, చెయ్యి కడుక్కునేవాడు.

హుసేనమ్మ మా పెరట్లో బొంత పరుచుకుని కుడుతూ ఒకరోజు నాతో అంది. "మీ చిన్నాయనకి నా కొడుకంటే ఎంత ప్రేమో మ్మా. వచ్చినప్పుడల్లా ఎట్లుండాడని అడుగుతాడు. యాడుండాడని మాత్రం అడగడు. అడిగితే వరండాలో అని సెప్తా గదా." నేను ఇంకో సూదికి దారం ఎక్కించి ఆమెకు అందించాను.

చిన్నాయన మంత్రి అయ్యాడు. ఖాసీం ఆ వరండాలోనే పోయాడు. ముందూ వెనకా కొద్ది రోజుల్లోనే రెండూ జరిగాయి. మా వీధిలో ఒక ఇంట్లో చక్కెర పంచుతుంటే సందులో ఖాసీం కోసం ఫాతెహా చదువుతున్నారు. చక్కెర పంచింది మా ఇంట్లో.

మంత్రి అయ్యాక మొదటిసారి వచ్చిన పొద్దు కూడా రైల్లోనే వచ్చి మా ఇంట్లోనే దిగాడు. బయట కార్లు, పోలీసులు, అరుగు పట్టనంత జనం. ఆ రోజు ఆయన పీట మీద కూర్చోలేదు. నిలబడే తింటూ, నిలబడే గుండీలు పెట్టుకుంటూ ఉన్నాడు. ఆయన వెంట వచ్చిన సెక్రటరీ ఒకాయన చెవిలో ఏదో చదువుతున్నాడు. నేను దగ్గరికి పోయి నిదానంగా చెప్పాను.

"చిన్నాయనా, ఖాసీం పోయినాడు. హుసేనమ్మ కొడుకు."

"ఆఁ ఆఁ. అయ్యో పాపం" అన్నాడు. పై గుండీ పట్టడం లేదు. నేనే పెట్టాను.

సాయంత్రం బడి మైదానంలో సన్మాన సభ. మా వీధి ఆడవాళ్ళందరం పోయాం. హుసేనమ్మ కూడా వచ్చింది. "నువ్వు కూడానా?" అంటే, "మన ఊరాయప్ప మంత్రి అయినాడు, ఇంట్లో కూకోని గోడలు సూడల్లనా?" అంది. ముందు వరసలో నా పక్కనే కూర్చుంది.

దండలయ్యాయి. చిన్నాయన మైకు ముందుకు వచ్చాడు. ఆయన ఉపన్యాసం మిగతావాళ్ళలా ఉండదు. మధ్యలో ఆపి జనంలో ఒకరిని పేరు పెట్టి పిలుస్తాడు. దానికోసమే జనం వస్తారు. "ఏం వీరన్నా, కోడలు కాపురానికి వచ్చిందంట, మాకు ఓళిగలు ఏవప్పా?" అన్నాడు. మైదానం అంతా నవ్వింది. వీరన్న తువ్వాలు ఎగరేశాడు. చిన్నాయన కళ్ళు ఆడవాళ్ళ వైపు తిరిగాయి. ముందు వరసలోకి వచ్చి ఆగాయి.

"హుసేనమ్మక్కా! నువ్వు గూడా వచ్చినావా తల్లీ! కొడుకు ఎట్లుండాడక్కా?"

మైకులో వచ్చిన ఆ మాట మైదానం పక్కనున్న మిల్లు గోడకు తగిలి ఇంకోసారి వినిపించింది. మా వీధి ఆడవాళ్ళు ఒక్కసారిగా తల తిప్పారు. హుసేనమ్మ వైపు కాదు, నా వైపు. నేను కొంగు తల మీదికి లాక్కున్నాను. భూమిలోకి పోతే బాగుండుననిపించింది. జనం అంతా ఆమె జవాబు కోసం చూస్తున్నారు, నవ్వుమొహాలతో, ఆవిడ ఏదో మంచి మాట చెప్తుందని.

హుసేనమ్మ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది.

"బాగుండాడన్నా" అంది గట్టిగా.

చప్పట్లు కొట్టారు. మైదానం మైదానమే కొట్టింది. "సూసినావా, అందర్నీ పేరు పెట్టి అడుగుతాడు" అని వెనక ఎవరో అన్నారు. చిన్నాయన చెయ్యి ఎత్తి, ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంచాడు. పొద్దున గుండీ దగ్గర విన్న మాట అప్పుడు చేరినట్టుంది ఆయనకు. ఇంకేం మాట్లాడాడో నాకు తెలియదు. తొందరగా ముగించి పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత ఒకాయన చాలాసేపు పొగిడాడు. వేదిక మీది బల్ల గుడ్డ పొట్టిది, నాకు కింద అంతా కనిపిస్తూనే ఉంది. చిన్నాయన కాళ్ళు కదల్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు నేను హుసేనమ్మ చెయ్యి పట్టుకున్నాను. "ఎందుకట్లా సెప్పినావు మే?"

"ఇంగేం సెప్పల్ల? అంతమందిలో ఆయప్ప మొగం యాడ పెట్టుకుంటాడు?" అంది. కొంత దూరం నడిచాక, "మైకులో ఎవరన్నా ఏడుస్తారా మ్మా?" అంది.

ఇంటికొచ్చేసరికి చిన్నాయన పీట మీద కూర్చుని ఉన్నాడు. ముందర కంచంలో అన్నం అట్లాగే ఉంది.

"నువ్వు సెప్పినావా నాకు?"

"సెప్పినా చిన్నాయనా."

"సెప్పినావు" అని తల ఊపాడు. కంచం పక్కకు జరిపి, "ఆయమ్మ నన్ను తిట్టింటే బాగుండు పాపా. అందరి ముందర ఎత్తి పారేసింటే బాగుండు" అన్నాడు.

"పెరటి తలుపు తీస్తే వాళ్ళిల్లే. పోయి పలకరించి రాపో."

లేచాడు. నిజంగానే లేచాడు. పెరట్లో సగం దాకా పోయాడు కూడా. ముందు వైపు నుంచి కారు హారన్ కొట్టారు. "అన్నా, ఎమ్మిగనూరులో జనం కాసుకోని ఉండారు" అని ఎవరో కేకేశారు. చిన్నాయన పెరటి తలుపును చూశాడు, వీధి తలుపును చూశాడు. "మల్లొచ్చినప్పుడు పోతా" అని వెనక్కి తిరిగాడు.

మళ్ళీ వచ్చినప్పుడు పోలేదు. ఆ తర్వాతా పోలేదు. ఆలస్యమయ్యే కొద్దీ పోవటం ఇంకా కష్టమైపోయింది ఆయనకు. పెరట్లో నీళ్ళు పోసుకునే మనిషి, లోపలే తానం గదిలో పోసుకోవటం మొదలుపెట్టాడు. కారు సందు వైపు నుంచి రాకుండా చుట్టూ తిరిగి వచ్చేది. "అరుగు మీద ఎవరుండారు?" అనే మాట అప్పుడూ అడిగేవాడు గానీ, దానికి ముందు ఇంకో మాట వచ్చి చేరింది. "ఆయమ్మ ఉందా?" ఆమె లేదంటేనే చొక్కా అందుకునేవాడు. నేను పేర్లు చెప్తూనే ఉన్నాను, కోడళ్ళ సంగతి, కళ్ళ సంగతి. కానీ అవి చెప్తుంటే నా గొంతు నాకే నచ్చేది కాదు. మనుషుల ఇళ్ళలోని కష్టాన్ని తెచ్చి ఆయన కంచం పక్కన పచ్చడిలాగా పెడుతున్నట్టుండేది.

హుసేనమ్మ మాత్రం ఎప్పటిలాగే వచ్చి బొంతలు కుట్టిపోయేది. ఆయన మాట ఎత్తేది కాదు.

ఆ తర్వాత కొత్త పార్టీ వచ్చింది. గాలి వీచినట్టు వీచింది. మంత్రులూ పెద్దవాళ్ళూ అందరూ కొట్టుకుపోయారు, వాళ్ళతో చిన్నాయనా ఓడిపోయాడు. హైదరాబాదులో ఇల్లు ఖాళీ చేసి, ఎప్పటిలాగే రైలెక్కి, ఎప్పటిలాగే తెల్లారి ఆదోనిలో దిగాడు. స్టేషనుకు ఎవరూ రాలేదు. జట్కాలో ఒక ఇనప పెట్టెతో వచ్చాడు. జట్కావాడు, "ఈ ఇల్లే గదా పెద్దాయనా?" అని అడిగాడు, ఎవరో పరాయి ముసలాయన్ని అడిగినట్టు.

నీళ్ళు పెట్టాను. ఉగ్గాని చేశాను. చొక్కా మేకుకు ఉంది, గంజి పెట్టి ఉంది. పీట మీద కూర్చుని, రెండు ముద్దలు తిని, తల ఎత్తకుండానే అడిగాడు.

"అరుగు మీద ఎవరుండారు పాపా?"

అలవాటుగా వచ్చేసింది ఆ మాట. అడిగాక ఆయనకే తెలిసి, తుంచబోయిన బజ్జీ కంచంలో పెట్టేశాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూడలేకపోయాం. పోయి చూడటమే నయమనిపించి బయటికి పోయాను.

అరుగు మీద హుసేనమ్మ ఒక్కతే ఉంది. ఒడిలో మడత పెట్టిన బొంత. ఎప్పుడూ పెరటి వైపు వచ్చే మనిషి, ఆ పొద్దు ముందు వైపు వచ్చింది. జట్కా దిగటం చూసే ఉంటుంది.

లోపలికి వచ్చి చెప్పాను. "ఆయమ్మ ఉంది. ఇంగెవరూ లేరు."

చిన్నాయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. చొక్కా దగ్గరికి పోయాడు. చెయ్యి చాపి, దాని అంచు వేళ్ళ మధ్య నలిపాడు కాసేపు. వదిలేశాడు. బనియనుతో, రైలు లుంగీతో బయటికి పోయాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. అందించడానికి నా దగ్గర ఏమీ లేదు.

హుసేనమ్మ తల ఎత్తి చూసింది. "ఎట్లుండావన్నా?" అంది.

"బాగుండానక్కా" అన్నాడు.

ఆ మాట అన్న తీరు నాకు తెలిసిన తీరే. బడి మైదానంలో ఆమె అన్నది అచ్చం అట్లాగే. హుసేనమ్మకూ తెలిసింది. "అట్లనే సెప్పల్ల లేన్నా, అడిగినోళ్ళకి" అంది మెల్లిగా.

చిన్నాయన అరుగు మీద కాదు, దాని కింది మెట్టు మీద కూర్చున్నాడు. వీధిలో పాలు తీసుకుని పోయేవాళ్ళు చూసి, చూడనట్టు పోతున్నారు. ఆయన కాళ్ళు రెండూ నేల మీద కదలకుండా ఉన్నాయి. తల ఎత్తి ఆమెను అడిగాడు.

"ఖాసీం యాడుండాడక్కా?"

హుసేనమ్మ బొంత తీసి పక్కన పెట్టింది. కొంగుతో ఒకసారి మొహం తుడుచుకుంది.

"రా అన్నా, సూపిస్తా. గోరీల లోపలికి ఆడోళ్ళం పోకూడదు, గోడ కాడి నుంచి సూపిస్తా. యాపసెట్టు కింద ఉండాడు" అని లేచింది.

ముందు ఆమె, వెనక ఆయన. చెప్పులు కూడా వేసుకోలేదు. పొద్దుటి వెలుతురులో, ఆదోని వీధిలో, బనియను మీద, మా చిన్నాయన ఆమె వెనక తల వంచుకుని నడుచుకుంటూ పోయాడు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు కింద పెట్టి చూశారు.

నేను లోపలికి వచ్చాను. ఉగ్గాని చల్లారిపోయింది. గంజి పెట్టిన చొక్కా మేకుకే ఉంది, చేతులు చాచి, ఎవరో తొడుక్కుంటారని నిలబడినట్టు.